రుక్మిణి విడగొట్టిన సిస్టం

ధరావత్ భీమ్లా, అతని భార్య రుక్మిణి ఇద్దరూ మోతె దగ్గరి తండాలవాళ్లు. 1996లో సూర్యాపేటలో దుకాణాల వరసలో ఒక మడిగె కిరాయికి తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టారు. రుక్మిణి క్లాసులు చెప్పేది. భీమ్లా చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి దవాఖానలకు, బడులకు కంప్యూటర్లు బిగించేవాడు. అతను పెట్టేది లినక్స్. ఎవరైనా డబ్బు కట్టకుండా తీసుకుని, లోపలి రాతను తమకు కావలసినట్టు మార్చుకోగల సిస్టం అది. కోదాడలో కంప్యూటర్ సామాను అమ్మే జవహర్ ఇంగ్లీషు పత్రికలతో వచ్చే లినక్స్ సీడీలు వీళ్ల కోసం దాచిపెట్టి ఇచ్చేవాడు.

ఇంట్లో లంబాడీ మాట్లాడుకునే ఆ ఇద్దరూ కంప్యూటర్ సంగతి వచ్చేసరికి తెలుగులోకి మారేవారు. కొట్లాట కూడా అందులోనే. సీడీలో సిస్టం ప్యాకేజీలుగా, అంటే విడివిడి మూటలుగా వచ్చేది. కావలసినది పెట్టుకోవచ్చు, వద్దన్నది తీసేయొచ్చు. భీమ్లాకు ఆ పద్ధతి నచ్చలేదు.

"ఒకటి పెడితె ఇంకోటి గావాలంటది. అది తెస్తె దానికి మూడోది. గీ పరేషాన్ ఎందుకు? అంత కలిపి నేనే ఒక్కటి జేస్త. గట్టిగ ఉంటది" అనేవాడు.

"రేపు అండ్ల ఒక్కటి మార్చాలంటె ఎట్ల? అంత ఇప్పాలె గద?"

"నేనే ఇప్పుత. నేనున్న గద."

అతను చేసినవి నిజంగానే గట్టిగా ఉండేవి. కెర్నెల్ అనే మూలభాగంలోనే ఆ మిషన్‌కు కావలసినవన్నీ కలిపేసేవాడు. అది తయారయ్యాక డిస్కులో చోటు కోసం దాని మూలరాతను చెరిపేసేవాడు. ఎక్కడ ఏం కలిపాడో అతని తలలోనే ఉండేది.

1998 వానాకాలంలో భీమ్లాకు కామెర్లయ్యాయి. మొదట పసరు పోశారు. ముదిరాక హైదరాబాద్ తీసుకుపోయారు. మంచం మీదున్న అతన్ని కూడా, "మిర్యాలగూడ దవాఖానది ఎట్ల కట్టినవో నాకు జెప్పరాదు" అని రుక్మిణి అడిగింది. "లేచినంక చెప్త" అన్నాడు. లేవలేదు.

మరుసటి ఎండాకాలం మిర్యాలగూడలో పిడుగు పడింది. డాక్టర్ అనసూయ దవాఖానలో రెండు కంప్యూటర్లను కలిపే కార్డు కాలిపోయింది. ల్యాబులో చేసిన రక్తపరీక్షలు ఆ కార్డుకు తగిలించిన తీగ మీదుగానే డాక్టరు గదికి చేరేవి. జవహర్ కొత్త కార్డు పంపాడు కానీ అది వేరే రకం. భీమ్లా కలిపి చేసిన కెర్నెల్‌కు పాత కార్డు తప్ప మరొకటి తెలియదు.

రుక్మిణి వెళ్లేసరికి ల్యాబులో పనిచేసే ఏసమ్మ చీటీలు పట్టుకుని వరండాలో అటూ ఇటూ పరుగెత్తుతోంది. బల్ల మీద కళ్లు పచ్చబడిన మనిషి ఒకడు తన చీటీ కోసం ఎదురుచూస్తున్నాడు. రుక్మిణి అతని వైపు మళ్లీ చూడలేకపోయింది.

పొద్దంతా కూర్చున్నా దారి దొరకలేదు. ఫోన్‌లో జవహర్ అన్నాడు: "చెల్లెమ్మా, వాడు అంతా కలిపి పోత పోసేశాడు. కొత్తగా పెట్టుకోవటం తప్ప గతిలేదమ్మా."

రుక్మిణి రోగుల వివరాలను వేరే డిస్కులోకి మార్చుకుంది. ఇక చెరిపేయడమే మిగిలింది. మిషన్ మొదలైనప్పుడు తెర మీద భీమ్లా పేరు వచ్చేది. ఆమె దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది, ఇంకోసారి చూడటానికి.

"ఏమైందమ్మా?" అంది డాక్టరు.

"ఏం లేదు మేడం. ఆయన చేసిన పని గద... తీసేస్తున్న."

డాక్టరు బయటివాళ్లను చప్పుడు చేయొద్దని చెప్పి, తలుపు దగ్గరగా వేసింది.

రుక్మిణి పాతది చెరిపేసి, ప్యాకేజీలు ఒక్కొక్కటే ఎక్కించింది. భీమ్లా చెప్పినట్టే ఒకటి ఇంకోదాన్ని అడిగింది, అది మూడోదాన్ని. విసుగొచ్చి ఒకసారి కీబోర్డును పక్కకు నెట్టేసింది. చివరికి కొత్త కార్డుకు సంబంధించిన చిన్న ముక్కను, మాడ్యూల్‌ను, విడిగా చేర్చింది. తక్కిన దేన్నీ కదిలించనక్కర లేకపోయింది. డాక్టరు గదిలో రిపోర్టు కనిపించింది. రుక్మిణికి సంతోషం కలగలేదు.

ఏసమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. "ముక్కను తీసుడు ఇట్ల, పెట్టుడు ఇట్ల. నువ్వే చెయ్యి అక్కా, నేను సూస్త."

"నాకెందుకు బిడ్డా? ఏమన్నయితె నువ్వొస్తవు గద?"

"నేను రాకపోయినా నడవాలె."

ఆ తర్వాత భీమ్లా సిస్టం పెట్టిన చోట్లన్నీ తిరిగి, వాటినీ అలాగే విడి ముక్కలుగా మార్చింది. అన్నీ సాఫీగా సాగలేదు. కోదాడలో ఒక ముక్కను తీసి దాని కొత్త రకం పెడితే దాని మీద ఆధారపడ్డ ప్రింటింగ్ ఆగిపోయింది. వారమంతా తిరగాల్సి వచ్చింది. "ఆయన భయం ఉత్తది గాదన్నా" అని జవహర్‌తో అంది.

నడిగూడెం బడిలోది మాత్రం ముట్టుకోలేదు. అక్కడ మార్చాల్సిన అవసరమే రాలేదు. భీమ్లా చేసినవాటిలో మిగిలిన ఆ ఒక్కటీ అతను ఎలా కట్టాడో అలాగే రోజూ నడిచింది. 1999 చివర్లో దాని డిస్కు పూర్తిగా పాడైపోయిందని హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.

"కొత్తది పెడతా సార్" అని ఫోన్ పెట్టేసింది. ఆ రోజు క్లాసు పిల్లలను ఇంటికి పంపేసి, మడిగె షట్టరు సగం దించి, చాలాసేపు లోపలే కూర్చుంది.