సారు రిపోర్టు బాగుంది

మా లెక్కల సారు శనివారం తెల్లారేసరికి పోయారు. బడిలో నాకు లెక్కలు నేర్పినవారు, బాన్సువాడలో మా పక్కింటివారు. ఆయన కొడుకు వచ్చి తలుపు కొట్టాడు.

"అన్నా, బాపు పోయిండు. మొన్ననే టెస్టులు చేయించినం గదనే, అన్నీ నార్మలే ఉండె."

ఏడుపు కన్నా ముందు నాకు రోత పుట్టింది. వాడి మీద కాదు, ఆ మాట మీద.

సారు క్లాసులో జవాబు రాయగానే మార్కులు పడేవి కావు. "ఆ జవాబును మళ్ల లెక్కల పెట్టి చూడు బిడ్డా" అనేవారు. ఒకసారి బావి తవ్వే లెక్కలో నాకు రెండున్నర మంది కూలీలు వచ్చారు. "గా సగం మనిషి ఏడున్నడురా, చాయ్ తాగవోయిండా?" అని క్లాసంతటినీ నవ్వించారు. ఈనాటికీ వడ్ల కాటా దగ్గర రెండోసారి చూడనిదే బస్తా కుట్టనివ్వను. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

భార్య పోయాక ఆయనకు అన్నం సయించలేదు. చాయ్‌లో ముంచిన రస్కులే తిండి. కోడలు వడ్డించిన కంచం అలాగే ఉండేది. చొక్కా ఒంటి మీద వేలాడుతుంటే చూడలేక, నా బండి మీద దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు ఆయన కూర్చోకముందే రక్త పరీక్షలు రాశాడు. రిపోర్టు వచ్చాక కాగితం మీంచి తల ఎత్తలేదు.

"ఏం తింటలేడు సార్, బక్కగైపోతుండు" అన్నాను.

"రక్తంల ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మంచిగుంది. తిండి సాలకుంటే గిది పడిపోతుండె. ఫికర్ చేయకుండ్రి."

బరువు చూసే మిషను డాక్టరు బల్ల పక్కనే ఉంది. దాని మీద మందుల డబ్బాలు పేర్చుకున్నాడు.

సారు మాత్రం మురిసిపోయారు. "నేను పాసైన" అంటూ కాగితం జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరు తినమన్నా అదే తీసి చూపేవారు.

ఆయన పోయాక ఇంకో డాక్టరును అడిగాను. తిండి లేకపోయినా ఆ అంకె బాగానే ఉండొచ్చట, బాగా తినేవాళ్లకూ జబ్బు చేస్తే పడిపోవచ్చట. ముందు బరువు చూడాలి, ఏం తింటున్నారో అడగాలి. అడగడానికి సూది అక్కర్లేదు. అందుకే ఎవరూ అడగలేదేమో, ఛీ!

పాడె ఎత్తేటప్పుడు నలుగురం మోకాళ్లు వంచి, ఒక మనిషిని లేపేంత బలం కూడదీసుకున్నాం. చేతులకు వెదురు బరువే తగిలింది. పాడె ఒక్క ఊపున మా తలల దాకా లేచిపోయింది. నిప్పుకుండతో ముందున్న కొడుకు తిరిగి చూశాడు. "నడువు బిడ్డా" అన్నారు ఎవరో. వాడు కదల్లేదు.