నేల మీద రెండు దెబ్బలు

రేకుల పనివాడికి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా చెబుతుంది. అబద్ధమేమీ కాదు. డబ్బాలు, గరాటాలు, పొగగొట్టాలు చేసే ఆ కొట్లో పగలంతా సుత్తి మోత, వెనకున్న రెండు గదుల ఇంట్లో పొద్దుగూకాక ఆయన మోత. కూరలో ఉప్పెక్కువైతే చెంబు నేలకేసి కొట్టేవాడు. భార్యకూ నోరు తక్కువేమీ కాదు. వీధి పిల్లలు ఆయనకు దబదబ మావయ్య అని పేరు పెట్టారు.

ఆ గొడవలకు అడ్డం పడింది ఒక చెవిటి కుక్క. ఎదురింట్లో అద్దెకున్నవాళ్లు సామానంతా లారీకెక్కించుకుని దీన్ని మాత్రం గేటుకు తాడుతో కట్టేసి పోయారు. పిలిస్తే పలకదు, దొంగొచ్చినా మొరగదు, దండగట. విరిగిన కుర్చీని కూడా వదలకుండా మోసుకుపోయిన మనుషులు! ఆయన రేకు కత్తెర పట్టుకెళ్లి, వాళ్ల ఏడు తరాలనూ తిడుతూ తాడు కత్తిరించి తెచ్చాడు.

వినపడనిదానికి పేరెందుకని పేరు పెట్టలేదు. సుత్తితో నేల మీద రెండు దెబ్బలు వేస్తే చాలు, ఆ అదురు పాదాలకు తెలిసి ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చేది. చిక్కల్లా ఏమిటంటే, దానికి పిలుపుకూ కోపానికీ తేడా తెలియదు. ఆయన చెంబు విసిరినా, తలుపు దభీమని వేసినా, తననే పిలిచారనుకుని తోకాడించుకుంటూ వచ్చి మొగుడూపెళ్లాల మధ్య నిలబడేది. దాని మొహం చూశాక ఇంకేం పోట్లాడతారు?

"మహారాణిగారు వచ్చేశారు. ఇక చాలించండి," అనేది భార్య. ఆయన గొణుక్కుంటూనే దాని మెడ నిమిరేవాడు.

అది ముసలిదైంది. కళ్లకు పొరలు కమ్మాయి, మూత్రపిండాలు పాడయ్యాయి, తాగిన నీళ్లు కూడా కక్కేస్తోంది. పశువుల డాక్టరు, "ఇక నొప్పి తప్ప మిగిలిందేమీ లేదు. నిద్రపుచ్చేద్దాం," అన్నాడు. నిద్రట! చంపడమని చెప్పడానికి నోరెందుకు రాదని ఆయన ఒంటికాలి మీద లేచాడు. డాక్టరు మీద కోపం, పనిచేయని మందుల మీద కోపం, అంత బాధలోనూ తన చెయ్యి నాకుతున్నందుకు ఆ కుక్క మీద కూడా కోపం. చివరికి సరేనన్నాడు. ఆయనకు ఒక్కటే భయం. కనపడక, వినపడక, పరాయివాళ్ల చేతుల్లో ఒంటరిగా ఉన్నాననుకుంటూ అది పోకూడదు.

దాన్ని స్టీలు బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు సూది సిద్ధం చేస్తూ, "ఏదైనా మాట్లాడండి. మీ గొంతు వింటూ పోతుంది," అన్నాడు మెత్తగా.

"దానికి చెవులుంటేగా వినడానికి! చెవిటిదని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?"

అని, పిడికిలితో బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు. కుక్క ముక్కు ఆయన వైపు తిరిగింది. తోక లేచి బల్లకు తగిలింది. మందు ఎక్కుతున్నంతసేపూ ఆయన కొడుతూనే ఉన్నాడు. తోక ఆగిపోయాక కూడా కొట్టాడు. భార్యే ఆ పిడికిలి పట్టుకుంది.

"చాలండి. ఇక రాదు."

ఇంటికొచ్చేసరికి ఆమె తమ్ముడు పరామర్శకని వచ్చి కూర్చున్నాడు. "దానికింత దిగులెందుకు బావా, కుక్కే కదా. ఈసారి చెవులు వినపడేదాన్ని చూసి తెచ్చుకుందాం," అన్నాడు.

ఆయన చేతికందిన సుత్తి తీసి నేలకేసి కొట్టాడు. గది అదిరింది.

ముగ్గురూ గుమ్మం వైపు చూశారు.

"కొట్టండి, ఎంత కొడతారో కొట్టండి!" భార్య గొంతు చించుకుని అరిచింది. "ఆపడానికి ఎవరొస్తారిప్పుడు?"

ఆయన ఆమె మీద అరిచాడు. ఆమె తమ్ముడి మీద అరిచింది. ఆ పూట ఆ ఇంట్లో గొడవ ఆగలేదు.