గోడ అవతలి నీళ్లు

క్లిఫర్డ్, రోచ్‌డేల్ ఊరి బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భార్య ఐరిస్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం పడిపోయాక, స్నానాలగది మేడమీదున్న పాత ఇల్లు అమ్మేసి, ఒకే గోడలు పంచుకునే నాలుగిళ్ల వరసలో చివరిది కొన్నాడు. స్నానాలగది కిందే ఉందని కొన్నాడు. తన ఒళ్లు తనే కడుక్కోవాలని, ఇంకొకరి చేత కడిగించుకోకూడదని ఐరిస్ పట్టుదల.

తీరా చేరాక చూస్తే షవర్‌లో నీళ్లు దారంలా పడ్డాయి. ధార సన్నబడితే నీళ్లు కాచే బాయిలర్ ఆరిపోతుంది. సబ్బు రాసుకున్న ఒంటిమీద చన్నీళ్లు పడ్డాయి.

"ఇల్లు కొన్నావా, ఐసు ఫ్యాక్టరీ కొన్నావా?" అంది ఐరిస్, వణుకుతూ.

క్లిఫర్డ్ జాలీలు కడిగాడు, వాషర్లు మార్చాడు, నేల కింది వాల్వు పూర్తిగా తిప్పాడు. నాలుగిళ్లకూ ఒకటే పాత సీసపు గొట్టమనీ, పక్కింటి హిల్డా వంటింటి కిందుగా వచ్చి, ఆఖరున తమ ఇల్లు చేరుతుందనీ అప్పుడు తెలిసింది. ఆమె తలుపు తట్టి మాట్లాడితే సరిపోయేది. కానీ వస్తూనే నీళ్ల గొడవతో పక్కింటి గడప ఎక్కడం ఆ వీధిలో మర్యాద కాదు. గొట్టానికే నేరుగా పంపు బిగించాడు. అలా బిగించకూడదని తెలియక కాదు.

ధార దూకింది. ఐరిస్ తలుపేసుకుని, గొంతెత్తి పాడుతూ స్నానం చేసింది. క్లిఫర్డ్ టీ చల్లారిపోయేదాకా ఆ పాట వింటూ కూర్చున్నాడు.

కొన్నాళ్లకు పెరటి గోడ మీదుగా హిల్డా కనిపించింది. ఎనభై దాటిన మనిషి, వాననీళ్ల పీపాలోంచి కెటిల్ నింపుకుంటోంది.

"అదేంటి హిల్డా గారూ, టీకి వాననీళ్లా?"

"టీకి కాదులే నాయనా, గిన్నెలకి. పొద్దునపూట మా కొళాయి దగ్గుతోంది. గొట్టం ముసలిదైంది, నాలాగే."

"ఎప్పట్నుంచి?"

హిల్డా కెటిల్ మూత సర్దింది. "మీరొచ్చాక."

"మరి చెప్పలేదేం?"

"కొత్తగా వచ్చారు. ఆవిడకి ఒంట్లో బాగాలేదాయె. ఏం బాగుంటుంది చెబితే?"

క్లిఫర్డ్ ఇంట్లోకి వచ్చి స్పానర్ తీశాడు.

"బాగానే పనిచేస్తోందిగా, ఎందుకు విప్పుతున్నావ్?" అంది ఐరిస్.

"పక్కావిడ నీళ్లు మనం లాగేస్తున్నాం."

"నీకు ముందే తెలుసా?"

అతను తలెత్తలేదు. "అనుమానం ఉండేది."

"అయితే ఆవిడ ఖాళీ కొళాయి దగ్గర నిలబడి నా పాట వినుంటుంది," అంది ఐరిస్.

మెట్ల కింద తొట్టి పెట్టి, దాన్ని నెమ్మదిగా నిండనిచ్చి, పంపు ఆ తొట్టికి తగిలించాలి. మొదటే చేయవలసిన పని అది. తొట్టి రావడానికి వారాలు పడుతుందన్నారు. అందాకా హిల్డా తన పనులు అయ్యాక చీపురుకర్రతో గోడ తట్టేలా, అప్పుడు ఐరిస్ స్నానానికి వెళ్లేలా మాట్లాడుకున్నారు.

మర్నాడు గోడ చప్పుడైంది. ఐరిస్ లోపలికెళ్లి తలుపేసుకుంది. కాసేపు నీళ్ల చప్పుడు, తర్వాత బాయిలర్ టక్కుమని ఆరిపోయింది. ఈసారి పాట లేదు. క్లిఫర్డ్ కాచిన నీళ్ల జగ్గుతో తలుపు బయట నిలబడ్డాడు. పిలవందే వెళ్లడు.

"కళ్లు మూసుకుని రా," అంది ఐరిస్ చివరికి.

మూసుకునే వెళ్లాడు.

"కుడికి. ఇంకొంచెం. నువ్వు పొయ్యకు, పట్టుకో చాలు."

ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుని, జగ్గును తన భుజం మీదికి తనే వంచుకుంది.