సొరుగులో ఫోన్

ఫోన్లు బాగుచేసే అక్కకు కోపం ముక్కుమీదే ఉంటుంది. పగిలిన ఫోన్‌ను మాత్రం పసిబిడ్డలా రెండు చేతులా అందుకుంటుంది. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే మొహం గోడవైపు తిప్పుకుంటుంది. మొన్న ఒకాయన డిగ్రీ చదివే మేనకోడలి ఫోన్ తెచ్చి, “లాక్ తీసి మెసేజ్‌లన్నీ నాకు పంపించు” అన్నాడు.

“ఆ పిల్లకు తెలుసా?”

“ఆడపిల్ల, దానికి చెప్పేదేంటి?”

అక్క ఫోన్‌ను సొరుగులో పడేసి తాళం వేసింది. “సిగ్గులేదూ? ఆ పిల్లనే రమ్మను. ఇంకో మాటన్నావంటే వీధంతా వినేలా అరుస్తా!”

సాయంత్రం ఆ పిల్ల వచ్చేసరికీ అక్క రుసరుసలాడుతూనే ఉంది. “మీ మామయ్య చేతికి ఫోనెలా చిక్కింది? జాగ్రత్తగా ఉండక్కర్లేదా?”

పిల్ల తల దించుకుంది. “మా అమ్మే ఇచ్చి పంపిందక్కా.”

అక్క పళ్లు పటపట కొరికింది. సొరుగు తాళం తీసి ఫోన్ ఆ పిల్ల చేతికిచ్చింది. స్టూలు ముందుకు లాగి, “కూర్చో. మీ అమ్మ కూడా ఊహించలేని పాస్‌వర్డ్ పెట్టు” అంది.