ఎర్రనీళ్ళు తీసిన పలక

మా గైడుగారు మూఢనమ్మకాల మీద విరుచుకుపడితే క్లాసులో బల్లలు అదిరేవి. తాతల నాటి నుంచీ బరంపురంలో స్థిరపడిన పంతుళ్ళ కుటుంబం ఆయనది. నేను గిరిసోల రైతుబిడ్డని. రోజూ రైలెక్కి వచ్చి, సిరామిక్ పొడిని విద్యుత్తు పారే ఒక పాలిమర్‌తో కలిపి పలకలు చేసేదాన్ని. రాడార్ లాంటివి పంపే మైక్రోవేవ్ తరంగాలను వెనక్కి పోనివ్వకుండా ఆ పలక మింగేయాలి. సవాలక్ష పలకలు పగిలాక ఒకటి నిలబడింది. ముదురు ఆకుపచ్చగా, అగ్గిపెట్టంత. నా పీహెచ్‌డీ మొత్తం దాని మీదే ఉంది.

భువనేశ్వర్ నుంచి పరీక్షకుడు వచ్చే రోజు నన్ను స్టేషనుకు తోలారు. ఆయన్ని తీసుకొచ్చేసరికి గైడుగారే పలకను తరంగాలు కొలిచే మిషన్లో బిగించేసి ఉన్నారు. ఎన్నడూ మిషన్ ముట్టని మనిషికి ఇవాళ ఇంత శ్రద్ధేమిటా అనుకున్నాను. మీట నొక్కాం. మింగాల్సినదంతా పలక వెనక్కి కక్కింది.

బయటికి తీసి చూస్తే నాలుగు మూలలా, నడిమధ్యా నీలిమచ్చలు. క్షారం తగిలితే ఆ పాలిమర్ నీలంగా మారిపోయి విద్యుత్తును పారనివ్వదు. ఈ కాలం పిల్లలకు చేతిశుభ్రత లేదని గైడుగారు ఇంగ్లీషులో విచారం వెలిబుచ్చారు. నాకు ఒళ్ళు మండింది. కానీ థీసిస్ మీద ఆయన సంతకం కావాలి.

టిఫిను పట్టుకొచ్చిన గైడుగారి భార్యది ఇచ్చాపురం వైపు. నా మొహం చూసి ఆవిడే ఉండబట్టలేకపోయారు.

"నీ తప్పేటి నేదమ్మా. నువ్వు టేసనుకెల్లేక, దిష్టి తగల్దని ఈయనే ఎర్రనీల్లు తియ్యమన్నారు. పసుపూ సున్నం కలిపి నేనే దానికి బొట్లెట్టేను. తరవాత ఈయనే తడిగుడ్డతో తుడిసేసేరు."

పరీక్షకుడికి తెలుగు రాదు. ఆవిడ ఏమంటున్నారని అడిగారు. టీ తాగుతారా అంటోందని గైడుగారు తడుముకోకుండా ఒడియాలో చెప్పారు. అంత చక్కటి అనువాదకుడు ఇన్నాళ్ళూ భౌతికశాస్త్రంలో వృథా అయిపోయాడు.

ఆ సంతకం లేకపోతే నేను శాశ్వతంగా గిరిసోల రైలెక్కడమే. భయం వేసింది. అయినా నోరు ఆగలేదు. టీ కాదు సార్ అని మొదలుపెట్టి, సున్నం ఎవరు పెట్టారో, ఎవరు పెట్టమన్నారో, ఎవరు తుడిచారో ఒడియాలో అన్నది అన్నట్టు చెప్పేశాను.

పరీక్షకుడు నవ్వలేదు. పలకను పలచటి ఆమ్లంలో ముంచమన్నారు. ముంచి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాం. ఆకుపచ్చ తిరిగొచ్చింది, పలక తరంగాలను మింగింది. ఆయన ఎదుటే గైడుగారు సంతకం పెట్టారు. పెడుతూ, క్షారం తగిలితే ఏమవుతుందో మీకు చూపించడానికే ఆ ఏర్పాటంతా చేయించానని గంభీరంగా సెలవిచ్చారు.

ఆవిడ మొగుడి మొహంకేసి చూశారు. "అలాగా? మరి నాకు సెప్పనేదేటి?"

అది కూడా పరీక్షకుడికి ఒడియాలో చెప్పాను.