హార్న్ లోపలి బొటనవేలు

పోయినవన్నీ కూడితే ఇంత: పైవరసలో ముందు పన్ను ఒకటి. దానితోపాటు పైస్థాయి స్వరాలు రెండు. నేను ఊదే ఫ్రెంచ్ హార్న్ కావాలని పిలిచే స్టూడియోలు ఐదు ఉండేవి, నాలుగు కీబోర్డుతో సరిపెట్టుకుంటున్నాయి. క్రిస్మస్‌కి ఆర్కెస్ట్రా పెట్టే చర్చిలు మూడింటిలో రెండు మానేశాయి. స్టూడియోల్లో మిగిలింది కంచరపాలెంలో రైలుపట్టాల పక్కనున్నది ఒక్కటే.

అక్కడి సంగీత దర్శకుడు నా ఈడువాడే, మా జాలరిపేటలోనే పెరిగినవాడు. ఆరు పాటల ఆల్బమ్ చేస్తూ, మొదటి పాటలో ఎనిమిది బార్లు నాకు ఉంచాడు. అవి బాగా వస్తే మిగతా ఐదింటిలోనూ హార్న్ పెడతానన్నాడు. రాకపోతే కీబోర్డు అక్కడే ఉంది.

హార్న్ వాయించేవాడి పనిలో ఎక్కువ భాగం ఊరుకోవడమే. నాలుగు దెబ్బలు ఒక బార్. ఆ పాటలో అరవై బార్లు ఊరుకుని, అరవై ఒకటో దానిలో అందుకోవాలి. ఈ లెక్క నాకు ఏ మాస్టారూ నేర్పలేదు. జాలరిపేటలో మా అమ్మ చేపలు లెక్కపెట్టిన పద్ధతే నాది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద నడుస్తుంది, చుట్టుకి పన్నెండు. అరవై అంటే ఐదు చుట్లు. ఈ ఇత్తడి వాద్యానికి ఎడమచేయి మీటలు నొక్కుతుంది, కుడిచేయి వెడల్పాటి మూతిలోపల ఉంటుంది. అంచేత నా లెక్కంతా అక్కడ, ఎవరికీ కనబడకుండా జరిగిపోతుంది.

రికార్డింగ్ రోజు నా భయమంతా కట్టుడు పన్ను మీదే. దువ్వాడ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ నాలుకతో దాన్ని తడుముతూనే ఉన్నాను. నలుగురు వయొలిన్ వాళ్లతో కలిపి ఒకేసారి రికార్డింగ్. గూడ్సు బండి వెళ్లేదాకా ఆగి మొదలుపెట్టాం. ఐదు చుట్లు తిరిగాయి, అందుకున్నాను, పన్ను కదల్లేదు. ఊపిరి పీల్చుకునేలోగా అద్దం అవతల దర్శకుడు హెడ్‌ఫోన్ తీసేశాడు. శ్రుతి ఊగుతోందట. మళ్లీ చేశాం, మళ్లీ ఊగింది. వయొలిన్ వాళ్లను పంపేసి, నన్నొక్కణ్ణే ఆ ఎనిమిది బార్లూ ఊదమన్నాడు. ఈసారి లోపలికొచ్చి నా వెనక నిలబడ్డాడు.

"పన్ను కాదు బావా, నీ బొటనేలు," అన్నాడు. "లోపల నడస్తంది. ఊదినప్పుడు కూడా ఏటి లెక్కెడతన్నావ్?"

నిజమే. మామూలుగా అందుకోగానే వేలు ఆగిపోతుంది. ఆ రోజు ఎక్కడ తప్పుతానో అని ఎనిమిది బార్లనీ కణుపుల మీదే దాటుతున్నాను. లోపల వేలు కదిలితే చేతి సందు మారుతుంది, స్వరం జారుతుంది.

"ఆపేత్తాను," అన్నాను.

"ఆపితే ఏ బార్లో ఉన్నావో తెలుస్తాదా?"

"తెల్దు."

"సేపల బుట్టకీ హార్నుకీ తేడా ఉండక్కర్లేదేటి బావా," అని నవ్వాడు. నేనూ నవ్వాను, పెదాలు మూసుకుని.

వేలు బిగబట్టి ఊదాను. ఆరో బార్‌లోనే ముగించేశాను. ఇంకోసారి ఊదితే ఏడోది రెండుసార్లు వచ్చింది. ఈలోగా స్టూడియోలో మాకిచ్చిన గంటలు అయిపోయాయి, తర్వాతి వాళ్లు మెట్ల మీద ఎదురుచూస్తున్నారు. కూలి మొత్తం నా చేతిలో పెట్టి, తర్వాత చూద్దామన్నాడు.

పాట విడుదలైంది. నా సాధన వినీ వినీ విసిగిపోయిన మా ఆవిడ దాన్ని ఫోన్లో రెండుసార్లు వింది.

"బాగా ఊదేరు," అంది. "ఒక్కకాడా ఊగనేదు."

ఊగదు. అది కీబోర్డు. ఆ మాట ఆమెకి ఇంకా చెప్పలేదు. రెండో పాట కూడా నేను లేకుండానే అయిపోయిందని వయొలిన్ వాళ్లలో ఒకరు చెప్పారు.

ఇప్పుడు లెక్క కాలివేళ్లకు నేర్పుతున్నాను. సాయంత్రాలు కిటికీలు మూసి, ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. నాలుగు బార్ల దాకా బొటనవేలు నిలుస్తోంది. ఐదో దానిలో దానంతటదే కదులుతుంది. నాలుగు వచ్చాయి కదా అని సగం కొట్టేసుకోవడానికి లేదు, అవి స్టూడియోలో ఊదినవి కావు. తీసుకున్న కూలికి ఇవాళ్టికీ నా బాకీ ఎనిమిది బార్లు.