అత్తమ్మ పాదాల మీద పరీక్ష

అది నిజామాబాద్‌లో నా రిఫ్లెక్సాలజీ కోర్సు చివరి ప్రాక్టికల్. పాదాలు నొక్కి చూపడానికి ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలి. వస్తానన్న మా ఆవిడకు తెల్లారేసరికి జ్వరం. ఆమెను చూడటానికి రుద్రూర్ నుంచి వచ్చిన అత్తమ్మను బతిమాలి, పరీక్షకు తోడు తీసుకెళ్లాను. పెళ్లిలో నా కాళ్లు కడిగిన మనిషికి, ఆమె కాళ్లు నేను పట్టాలని దారిలో చెప్పే ధైర్యం చాలలేదు.

పరీక్ష గదిలో ఆమెకు సంగతి తెలిసింది. అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడదు కనుక పరీక్ష పెట్టే మేడంతో అంది: "అల్లుడు అత్త కాళ్లు వట్టుడు ఏడనన్న ఉన్నదా మేడం? మా ఊర్ల తెలిస్తే నవ్వుతరు."

"పట్టనివ్వకుంటే మీ అల్లుడు మళ్లీ ఏడాది ఆగాలమ్మా."

అత్తమ్మ కూర్చుని కాళ్లు చాపింది. ముఖం మీదికి కొంగు పూర్తిగా లాక్కుంది.

వేళ్లు పాదం మీద, చూపు ముఖం మీద ఉండాలని మాకు నేర్పారు. నొప్పి ముఖంలోనే తెలుస్తుందట. నాకు కనిపిస్తున్నది ఆకుపచ్చ కొంగు.

"నొప్పి ఎక్కడుందో చెప్పండి," అంది మేడం నాతో.

మడమ నొక్కగానే మట్టె ఉన్న వేలు ముడుచుకుంది. మళ్లీ నొక్కితే మళ్లీ ముడుచుకుంది.

"ఇక్కడ మేడం," అన్నాను.

కొంగులోంచి మాట వచ్చింది: "జర మెల్లగ వట్టుమని చెప్పుండ్రి. పానం పోతున్నది."

పాసయ్యాను. ఇప్పుడు నా దగ్గరికి వైద్యానికి వచ్చేవాళ్లు నొప్పి పుట్టినా మొహమాటానికి నవ్వుతారు. అందుకే నేను ముందు కాలివేళ్లు చూస్తాను. అత్తమ్మ ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇది పత్రికకు రాస్తున్నానని నేనూ ఆమెకు చెప్పలేదు.